వ్యాన్‌లో వర్క్‌షాప్ పెడుతున్న మా మేనకోడలికి

తల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి చిన్న వ్యాన్ కొన్నావనీ, అందులో కంప్రెసర్, గ్రైండర్, లైట్లు, ల్యాప్‌టాప్ పెట్టుకుని బండ్లు ఆగిపోయిన చోటికే వెళ్లి బాగుచేస్తావనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ దాని గొంతులో టెన్షనే. నాకైతే ముందు గర్వమే కలిగింది. మన ఇంట్లో నా తర్వాత స్పానర్ పట్టింది నువ్వే. కానీ "కరెంటు సంగతి ఏం చేస్తోంది?" అని అడిగితే, "బండి బ్యాటరీకే పెద్ద ఇన్వర్టర్ తగిలిస్తుందట" అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఇంజన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని నింపే నీ ఆల్టర్నేటర్ మీద 75 ఆంపియర్లు అని రాసి ఉందనుకో. 14 వోల్టులతో గుణిస్తే వెయ్యి వాట్లు దాటింది, ఇన్వర్టర్ కూడా వెయ్యి వాట్లదే, ఇంకేం భయం అని లెక్క వేసి ఉంటావు. ఆ 75 అనేది ఇంజన్ బాగా తిరుగుతున్నప్పటి మాట. బండి ఆపి ఇంజన్‌ని స్లోలో వదిలేస్తే అందులో సగం వస్తే గొప్ప. బానెట్ కింద వేడెక్కాక ఇంకాస్త తగ్గుతుంది. వచ్చినదాంట్లోంచి ఫ్యూయల్ పంపు, ఇంజన్ కంప్యూటర్, రేడియేటర్ ఫ్యాను, హెడ్‌లైట్లు ముందే తమ వాటా లాక్కుంటాయి. వెయ్యి వాట్ల ఇన్వర్టరేమో నిండు లోడులో తన నష్టంతో కలిపి బ్యాటరీ నుంచి దాదాపు 95 ఆంపియర్లు లాగుతుంది. నువ్వు పని చేసేది బండి ఆపుకునే కదా?

ఆ తేడా అంతా బ్యాటరీ తన దాపుడు సొమ్ములోంచి ఇస్తుంది, జీతం చాలని ఇంట్లో లాగా. పైకి ఏమీ తెలియదు. గ్రైండర్ తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి. పని అయిపోయి సెల్ఫ్ కొడితే టక్ మని ఊరుకుంటుంది. ఆగిపోయిన బండి పక్కన నీ బండి కూడా ఆగిపోతే, చీకట్లో ఒక్కదానివి ఏం చేస్తావు? మీ అమ్మ భయం అదే. నాది వేరే, దాని గురించి తర్వాత చెబుతాను.

ముందు కాగితం, పెన్సిల్ తీసుకో. ప్రతి సామాను పక్కన వాట్లు మాత్రమే రాస్తే చాలదు, రోజుకి ఎంతసేపు నడుస్తుందో కూడా రాయి. అందరూ పెద్ద మోటార్‌ని చూసి భయపడతారు. 750 వాట్ల కంప్రెసర్ సుమారు 70 ఆంపియర్లు లాగుతుంది, నిజమే. కానీ ఒక్కో పనికి అది తిరిగేది ఐదు నిమిషాలు. అంటే దాదాపు ఆరు ఆంపియర్ అవర్లు (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క), ఆరు పనులకు 35. అదే లైట్లు, ల్యాప్‌టాప్, చార్జర్లు కలిపి 120 వాట్లనుకో, ఆరు గంటలు వెలిగితే 65 దాటిపోతుంది. నిన్ను ముంచేది అరిచే కంప్రెసర్ కాదమ్మా, చప్పుడు లేకుండా వెలిగే లైట్లు. వాటిని ఇన్వర్టర్ మీద పెట్టకు. 12 వోల్టుల ఎల్ఈడీలు తెచ్చి నేరుగా బ్యాటరీ మీద నడుపు. ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా కొంత తింటూనే ఉంటుంది, పని లేనప్పుడు కట్టేయి. మోటార్లు మొదలయ్యేటప్పుడు కొన్ని రెట్లు ఎక్కువ లాగుతాయి కాబట్టి ఆ దెబ్బ తట్టుకునే, ఇంటి కరెంటు లాంటి కరెంటే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకో.

బండి బ్యాటరీని వదిలెయ్. అది సెల్ఫ్ కొట్టడానికి పుట్టింది, లోతుగా ఖాళీ చేస్తే త్వరగా పోతుంది. పనికి వేరే బ్యాటరీ పెట్టు. లోతుగా వాడుకోవడానికే చేసిన డీప్ సైకిల్ లెడ్ బ్యాటరీ అయితే రాసిన దాంట్లో సగమే నీదనుకో. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు. అయితే లిథియం బ్యాటరీని ఆల్టర్నేటర్‌కి నేరుగా కలపొద్దు. ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా ఆ బ్యాటరీ తాగేస్తుంది. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్‌కి గాలి సరిగా ఆడదు, ఆ వేడికి లోపలి వైండింగ్ కాలిపోతుంది. మధ్యలో, కరెంటుని హద్దులో పెట్టి రెండో బ్యాటరీకి ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ పెట్టు. 30 ఆంపియర్లది నీకు చాలు, అంతకు మించి ఆశపడకు. పైగా కొత్త బండ్లలో ఆల్టర్నేటర్, బ్యాటరీ నిండిందనుకోగానే వోల్టేజీ తగ్గించేస్తుంది. మా కాలంలో లాగా ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెట్టి రెండు బ్యాటరీలు కలిపితే రెండోది ఎప్పటికీ నిండదు.

రెండు గంటలు బండి తోలితే ఆ చార్జర్ ఇచ్చేది మహా అయితే 60 ఆంపియర్ అవర్లు. నీ రోజు ఖర్చు, ఆ 35, 65 కలిపి, వంద. మిగతా 40 రాత్రి ఇంట్లో ప్లగ్గుకి పెట్టి నింపుకో. ఆల్టర్నేటర్ మార్చేస్తే సరిపోతుంది కదా అంటావేమో. పెద్దది పెడితే బెల్టు మీద బరువు, దాని నుంచి బ్యాటరీకి వచ్చే వైరూ మార్చాలి, అంతా చేసినా స్లోలో అది ఇచ్చేది తక్కువే. నాకు ఆ పని నచ్చదు. వెల్డింగ్ కూడా చేస్తానంటే మాత్రం విడిగా జనరేటరే కొనుక్కో.

ఇక నా భయం.

నాకు పని నేర్పిన మేస్త్రి ఎంత జాగ్రత్త మనిషంటే, స్క్రూ బిగించాక కూడా వేలితో తడిమి చూసేవాడు. ఒకసారి ఒక చిన్న వ్యానుకి వెనకాల ఇన్వర్టర్ పెట్టాడు. మందమైన మంచి వైరే వేశాడు. ఇంజన్ దగ్గర్నుంచి రేకుకి ఉన్న కన్నంలోంచి లోపలికి తెచ్చి, మ్యాట్ కిందుగా వెనక్కి లాగాడు. ఫ్యూజ్ ఇన్వర్టర్ పక్కనే పెట్టాడు. కాలిపోతే మార్చడానికి చేతికి అందాలి కదా అన్నాడు. కన్నంలో రబ్బరు బుష్ లేదు. ఆ పూట దొరకలేదు, తర్వాత వేద్దామనుకున్నారు.

కొన్ని నెలలకి ఆ బండి వేరే పని మీద మళ్లీ షెడ్డుకొచ్చింది. అప్పటికే కన్నం అంచు వైరు తొడుగుని కొద్దికొద్దిగా కోసేసింది. మేస్త్రి ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆ అదురుకి రాగి రేకుకి తగిలింది. బ్యాటరీ నుంచి ఆ చోటుదాకా ఆపే దిక్కు లేదు. షార్ట్ అయిన బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది తల్లీ. ముందు ప్లాస్టిక్ మాడిన వాసన, తర్వాత మ్యాట్ కింద నుంచి తెల్లటి పొగ. ఆయన పరుగున వెళ్లి టెర్మినల్ నుంచి ఆ వైరుని ఒట్టి చేత్తో పట్టి పీకాడు. కరిగిన తొడుగు అరచేతికి అంటుకుపోయింది.

మంట ఆర్పాక ఫ్యూజ్ తీసి చూశాం. కొత్తదానిలా మెరుస్తోంది. ఆయన కాలిన చెయ్యి నీళ్లలో పెట్టుకుని దానివంకే చూస్తూ, "ఇది ఇక్కడ ఎవర్ని కాపాడుతోందిరా?" అన్నాడు. ఇన్వర్టర్ వైపు తప్పు జరిగితే తప్ప దానికి పని లేదు. ఆ వైరు మొత్తానికి కాపలా లేదు. కట్టు విప్పకముందే, అంతకుముందు తను బిగించిన బండ్లన్నీ పిలిపించి ఫ్యూజులు బ్యాటరీ పక్కకి మార్పించాడు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత ఆయన కుడి చేత్తో స్క్రూడ్రైవర్ గట్టిగా పట్టింది నేను చూడలేదు.

కాబట్టి ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. నీకు వెనకాల రెండో బ్యాటరీ కూడా ఉంటుంది కాబట్టి, మధ్యలో నడిచే వైరుకి రెండు చివరలా కరెంటు ఉన్నట్టే, రెండు చివరలా ఫ్యూజ్ పెట్టు. ఫ్యూజ్ సైజు సామాను తట్టుకునేదాన్ని బట్టి కాదు, వైరు తట్టుకునేదాన్ని బట్టి. ఇన్వర్టర్‌కి 35 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 125 ఆంపియర్ల ఫ్యూజ్ వెయ్యి. సన్నది వేస్తే ఏమవుతుందో లెక్క చూడు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు పోనూ రానూ ఆరు మీటర్లుంటే, 50 ఆంపియర్లకే 0.9 వోల్టు దారిలో పోతుంది. అదంతా మ్యాట్ కింద వేడే. రేకులోంచి వెళ్లే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి. దొరక్కపోతే ఆ రోజు పని ఆపెయ్.

మిగతావి నీకు తెలిసినవే. పనికి ముందు ఉంగరం, వాచీ తీసెయ్. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ ఊడదీయకు, ఆ వోల్టేజీ ఎగురుడికి బండి కంప్యూటర్ పోతుంది. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో ఉంచి పని చేయకు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఇన్వర్టర్ నుంచి వచ్చేది ఇంట్లో షాక్ కొట్టే కరెంటే. డాష్‌బోర్డు మీద ఒక వోల్ట్ మీటర్ పెట్టు. లెడ్ బ్యాటరీ లోడు లేకుండా కాసేపు ఉన్నాక 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. చాలా ఇన్వర్టర్లు 10.5కి పడిపోయేదాకా ఆగకుండా లాగుతూనే ఉంటాయి, దాన్ని నమ్ముకుంటే ఏడాది తిరగకుండా బ్యాటరీ పోతుంది. వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొంటే డీసీ, అంటే బ్యాటరీ కరెంటు, కొలిచేది కొను, ఏసీ మాత్రమే కొలిచేది ఇక్కడ పనికిరాదు.

ఇంత పెద్ద ఉత్తరం చూసి మావయ్య మొదలుపెట్టాడు అనుకోకు. చిన్నప్పుడు నా టెస్ట్ ల్యాంపు పట్టుకుని కనిపించిన ప్రతి వైరుకీ ముట్టించి చూసేదానివి. నేను అరిస్తే మూతి ముడుచుకుని, కాసేపాగి మళ్లీ వచ్చేదానివి. ఇప్పుడూ అలాగే రా. ఆ లెక్కల కాగితం, ఫ్యూజులు బిగించిన చోటు ఫోటో రెండూ పంపించు. నేను చూసి సరే అన్నాకే బ్యాటరీ కలుపు. మీ అమ్మకి నేను ఫోన్ చేసి చెబుతాను, దాని సంగతి నాకు వదిలెయ్.

మీ మావయ్య