కీమో తర్వాత పీరియడ్స్ ఆగిపోతే టామోక్సిఫెన్ మానేసి లెట్రోజోల్‌కి మారొచ్చా?

మీకు 38 ఏళ్లు, ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్‌తో పెరిగే రకం) రొమ్ము క్యాన్సర్, కీమో అయ్యాక ఏడు నెలలుగా పీరియడ్స్ లేవు, టామోక్సిఫెన్‌తో వేడి ఆవిర్లు తట్టుకోలేకపోతున్నారు, అందుకని మారాలనుకుంటున్నారు. ఓవరీలను ఆపే ఇంజెక్షన్ లేకుండా మాత్రం మారకండి.

పీరియడ్స్ ఆగడం వేరు, మెనోపాజ్ వేరు. కీమో దెబ్బకు పడుకున్న ఓవరీలు ఈ వయసులో ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా లేవొచ్చు. టామోక్సిఫెన్‌కి దాంతో పేచీ లేదు, అది ఈస్ట్రోజన్ తయారీ జోలికి పోకుండా రొమ్ము కణంలో ఈస్ట్రోజన్ అతుక్కునే రిసెప్టర్ దగ్గరే అడ్డుపడుతుంది. లెట్రోజోల్ తయారీనే ఆపుతుంది. ఓవరీలో కాస్త ప్రాణం ఉన్నా, ఈస్ట్రోజన్ తగ్గిందని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ (ఓవరీని పనిచేయించే హార్మోన్) పెంచి ఓవరీని తరుముతుంది. పిల్లలు కలగనివాళ్లకు అండం విడుదల కావడానికి ఇదే మాత్ర ఇస్తారు మరి!

ఇంజెక్షన్ అంటే ఎక్కువగా గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు, పొట్ట చర్మం కింద. మందు ద్రవం కాదు, బియ్యపు గింజంత కడ్డీ. అందుకే సూది లావు. ముందు ఐస్ పెట్టించుకోండి, లేదా తిమ్మిరి క్రీమ్ అడగండి. లెక్క 28 రోజులు, "ప్రతి నెలా 5న" కాదు. తేదీ పట్టుకుని వెళ్తే దాదాపు ప్రతిసారీ రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. టామోక్సిఫెన్ మీద ఉన్నప్పుడు ఆ ఆలస్యానికి అంత నష్టం లేదు, లెట్రోజోల్ మీద ఉంటే ఉంది. మొదటి ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు ఈస్ట్రోజన్ పెరిగి ఆపైన పడిపోతుంది, కాబట్టి చాలామంది డాక్టర్లు కొన్ని వారాలు ఆగి, రక్తంలో ఎస్ట్రాడయోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజన్) చూసి మాత్ర మొదలుపెడతారు. ఆ టెస్టు మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో చేసేదై ఉండాలి. మామూలు పద్ధతికి అంత తక్కువ స్థాయిలు సరిగా అందవు, పైగా ఎక్సెమెస్టేన్ (లెట్రోజోల్ లాంటిదే మరో మాత్ర) వాడేవాళ్లలో ఆ మందునే ఈస్ట్రోజన్‌గా లెక్కేసే ప్రమాదం ఉంది. మధ్యలో కొద్దిగా స్పాటింగ్ (రక్తపు మరక) కనిపించినా అదే రోజు చెప్పండి.

ఇక అసలు సంగతి. ఆవిర్ల కోసమే అయితే మారడం దండగ. ఇంజెక్షన్‌తో అవి పెరగొచ్చు కూడా, పైగా కీళ్ల నొప్పులు, యోని పొడిబారడం, ఎముకలు పలచబడటం తోడవుతాయి. మొదలుపెట్టే ముందే డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి. చంకలోని లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ పాకడం, 35 లోపు వయసు, హై గ్రేడ్ (వేగంగా పెరిగే రకం) లాంటి కారణాలుంటే ఆ కష్టానికి ఫలితం ఉంటుంది. మీ రిపోర్టులో అవి ఉన్నాయేమో డాక్టర్‌ని సూటిగా అడగండి.

ఆవిర్లకు వెన్లాఫాక్సిన్ (డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రే, ఆవిర్లకూ వాడతారు) అడగొచ్చు. అదే కోవలోని పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్, బుప్రోపియాన్ వద్దు, టామోక్సిఫెన్‌ని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమ్‌ని అవి లివర్‌లో అడ్డుకుంటాయి. పీరియడ్స్ లేకపోయినా గర్భం రావచ్చు, ఈ మందుల మీద అది బిడ్డకు ప్రమాదం. హార్మోన్ పిల్స్ కాకుండా కాపర్ టీ గానీ కండోమ్ గానీ వాడండి.