ఉపవాసం పెంచే ముందు తమ్ముడి గుమ్మం తొక్కండి

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం ఆరాధన మానలేదు. సంఘపెద్దల్లో ఒకణ్ణి, శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపిస్తాను, దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) తప్పను. ఇంట్లో మాత్రం నా కోపానికి అందరూ బిక్కుబిక్కుమంటూ ఉంటారు. చెయ్యి చేసుకోలేదు గానీ, రెండుసార్లు చేతిలో ఉన్నది విసిరేశాను. ఆరేళ్ళ కిందట తమ్ముడి దగ్గర తీసుకున్న అప్పు తీర్చలేదు, ఇద్దరికీ మాటల్లేవు. 'చర్చిలో ఒక మనిషి, ఇంట్లో ఒక మనిషి' అంటుంది నా భార్య. పదిహేనేళ్ళ మా అబ్బాయి ఇక చర్చికి రానంటున్నాడు. ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టుంది. ఉపవాసాలు పెంచితే మారతానా?

జవాబు: మీ భార్య అన్న మాటను దాచకుండా రాశారు. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఉపవాసాలు పెంచకండి. బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం 3, 4 వచనాలు నెమ్మదిగా చదవండి. మేము ఉపవాసముంటే నువ్వెందుకు చూడవని ప్రజలు దేవుణ్ణి నిలదీస్తారు. మీరు కలహాలాడుతూ, పిడికిళ్ళు బిగిస్తూ ఉపవాసముంటున్నారని ఆయన జవాబు. ప్రార్థన గోడకు తగిలినట్టుండటానికి కారణం 1 పేతురు 3:7లో ఉంది. భర్త భార్యను సన్మానించాలి, లేదంటే అతని ప్రార్థనలకే ఆటంకం వస్తుంది. సంఘంలో ఈ వచనం వినిపించేది తక్కువ. దాని ముందున్న, భార్యలు లోబడాలన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ముందు తమ్ముడి సంగతి. మత్తయి 5:23, 24లో ఒక చిన్న మెలిక ఉంది, చాలామంది దాటేస్తారు. అర్పణ తెచ్చినప్పుడు, నీకు సహోదరుడి మీద కోపముంటే అని కాదు, అతనికి నీ మీద ఏదైనా ఉందని గుర్తుకొస్తే అని యేసు అన్నాడు. అంటే 'నా మనసులో ఏమీ లేదు' అనుకుంటే సరిపోదు. కదలాల్సింది బాకీపడినవాడే. 37వ కీర్తన 21వ వచనం అప్పు తీర్చనివాణ్ణి భక్తిహీనుల వరుసలో నిలబెట్టిందని కూడా చూడండి.

వెళ్ళే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఎంత తీసుకున్నారో, ఇంతవరకు ఎంత ఇచ్చారో, ఇకపై నెలకు ఎంత ఇవ్వగలరో. ఆవేశంలో పెద్ద మొత్తం ఒప్పుకుని మూడో నెలలో తప్పితే, మొదటిసారి కన్నా ఎక్కువ నష్టం. ఇవ్వగలిగినంతే రాయండి, తేదీ వేయండి, మొదటి వాయిదా చేత్తో తీసుకెళ్ళండి. అక్కడ వాక్యం ఎత్తకండి, 'మనం క్రైస్తవులం, క్షమించుకోవాలి' అనకండి. బాకీపడినవాడి నోట ఆ మాట వస్తే అది బెదిరింపులా ఉంటుంది. తమ్ముడు తలుపు వేసుకున్నా వాయిదాలు ఆపకండి. దశమభాగం మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. దానికి మించి ఇచ్చే ప్రత్యేక కానుకలు మాత్రం, అప్పు తీరేదాకా తమ్ముడికే వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. పన్నులు వసూలుచేసే జక్కయ్య (లూకా 19:8) అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మీరు అసలైనా ఇవ్వాలి కదా.

ఇక భార్య దగ్గర. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, అయిపోయింది అనుకోవడం భక్తిపరుల్లో తరచూ జరిగే పొరపాటు. దెబ్బ తిన్న మనిషికి ఆ సంగతే తెలియదు. ఆమె తీరికగా ఉన్నప్పుడు, పిల్లవాడు లేనప్పుడు, చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి: 'ఫలానా రోజు నేను గ్లాసు విసిరాను. నువ్వు భయపడ్డావు. తప్పు నాది.' అంతే. 'కానీ' అన్న మాట వచ్చిందా, క్షమాపణ అక్కడితో చచ్చిపోతుంది. 'క్షమించావా?' అని వెంటనే అడగకండి. ఆమె నమ్మకపోతే అది ఆమె అవిశ్వాసం కాదు, ఇన్నేళ్ళ అనుభవం. నెలలు పట్టొచ్చు. ఈలోగా సంఘంలో సాక్ష్యం చెప్పకండి. మీరు మారారని మొదట చెప్పాల్సింది ఆమె, అదీ తనకు చెప్పాలనిపిస్తేనే.

కోపం గురించి కొంచెం వివరంగా రాయాలి. రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కోపం వచ్చిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, మీరన్న మాట ఏమిటి, రాయండి. మూడోది రాయడమే కష్టం. కాగితం మీద మీ మాట మీకే అసహ్యంగా కనిపిస్తుంది, కనిపించాలి. పని నుంచి రాగానే, ఆకలితో ఉన్నప్పుడు, సంఘ కమిటీ మీటింగు తర్వాత, ఇలా ఏదో ఒక వరస బయటపడుతుంది. దవడ బిగుసుకోవడం, గొంతు పెరగడం మొదలవగానే 'ఇరవై నిమిషాల్లో వస్తాను' అని చెప్పి గది దాటండి. బయట ఆ గొడవనే నెమరేసుకుంటే లాభం లేదు, నడవండి, నీళ్ళు తాగండి. చెప్పిన వేళకు తిరిగి రండి. రాకపోతే ఆమెకు అదీ శిక్షే. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవకూడదని ఎఫెసీ 4:26 పెట్టిన గడువు రాత్రంతా వాదించి ముగించమని కాదు, పగను పడకకు తీసుకెళ్ళొద్దని.

వస్తువు విసరడాన్ని 'చెయ్యి చేసుకోలేదు' కింద లెక్కేయకండి. ఎదురుగా ఉన్నవాళ్ళకు తర్వాతి వంతు తమదే అనిపిస్తుంది. ఇంకొక్కసారి జరిగినా, శిక్షణ పొందిన కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి, ప్రార్థనతో పాటుగా. అప్పుడు మీ భార్య కొన్నాళ్ళు వేరే చోట ఉంటానంటే, పాస్టరుగారితో 'సర్దుకుపో' అని చెప్పించకండి.

మీ అబ్బాయి చర్చి మీద కోపంతో ఉన్నాడో, మీ మీదో నాకు కచ్చితంగా తెలియదు. ఈ వయసువాళ్ళు రెండింటినీ కలిపేసుకోవడం సహజం. ఒక్క ప్రశ్న అడగండి: 'నాలో నీకు అబద్ధంగా కనిపించేది ఏమిటి?' అతను చెబుతుంటే అడ్డు రాకండి, సమర్థించుకోకండి. చెప్పింది విన్నానని చెప్పి, వారంలో అందులో ఒకటి మార్చుకోండి. తండ్రులు పిల్లలకు కోపం పుట్టించి మనసు కృంగదీయకూడదని కొలస్సీ 3:21 అంటోంది. బలవంతంగా బండెక్కించడం కూడా అందులోకే వస్తుంది.

శుక్రవారం నాయకత్వాన్ని ఓ ఆరు నెలలు వేరేవాళ్ళకు అప్పగించమని పాస్టరుగారిని అడగండి. కారణం ఆయనకు నిజంగా చెప్పండి, మిగతావాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఉండండి. మీరే నడిపే కుటుంబ ప్రార్థన పెట్టకండి, అది మరో వేదిక అవుతుంది. గిన్నెలు కడగండి. ఒంటరిగా పొద్దున పావుగంట, మత్తయి 6:6 చెప్పినట్టు తలుపు వేసుకుని, నోట్‌బుక్ ముందు పెట్టుకుని ప్రార్థించండి.

చర్చి మాత్రం మానకండి. వెళ్ళే తీరు మార్చండి. తొమ్మిదింటి ఆరాధనకు ఏడు నుంచే కేకలు, దారంతా మౌనం, గేటు దగ్గర మాత్రం నవ్వుతూ 'వందనాలు బ్రదర్'. మీ అబ్బాయి ప్రతి ఆదివారం చూసేది ఇదే అయితే ఆశ్చర్యపోను. ఈ ఆదివారం ఎవరైనా తయారవ్వడానికి ఆలస్యమైతే, ఏమీ అనకుండా కూర్చోండి. మొదటి పాట అయిపోయాక వెళ్ళి, వెనక వరుసలో కలిసి కూర్చోండి.