మీరడిగారు: క్యాజువాలిటీలో తొలి గంట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అత్యవసర విభాగం గురించే. క్యాజువాలిటీ పనితీరు బాగా తెలిసిన వైద్యులు, నర్సులు కలిసి ఇచ్చిన జవాబులివి.

మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. రాత్రి భోజనమయ్యాక పొట్ట పైభాగంలో మంట, ఒళ్లంతా చెమటలు, ఒక వాంతి. ఆసుపత్రి కౌంటర్లో గ్యాస్ పట్టేసిందని చెప్పాం. ముప్పావు గంట బెంచీ మీద కూర్చోబెట్టారు. మా తర్వాత వచ్చినవాళ్లను ముందు లోపలికి తీసుకెళ్లారు. చివరికి ఈసీజీ తీసి గుండెపోటు అన్నారు. మేమేం చెప్పి ఉండాల్సింది? – పాఠకురాలు, తాడేపల్లి

ముందుగా ఒకటి చెప్పాలమ్మా. ఆ వయసులో, షుగర్ ఉన్న మనిషి చెమటలతో వస్తే, ఇంటివాళ్లు జబ్బుకు ఏ పేరు పెట్టినా పది నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరుకు చూపించాలి. అది జరగకపోవడం ఆసుపత్రి లోపం. ఆ బరువు మీ మీద వేసుకోకండి.

క్యాజువాలిటీలో వరస వచ్చిన సమయాన్ని బట్టి ఉండదు, ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. గుమ్మం దగ్గరే నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్, స్పృహ చూసి ఎరుపు (వెంటనే చూడాల్సినవాళ్లు), పసుపు, ఆకుపచ్చ (కాసేపు ఆగగలిగినవాళ్లు) అని విడదీస్తారు. మీ తర్వాత వచ్చి ముందు లోపలికి వెళ్లినవాళ్లు ఎరుపులో ఉండి ఉండొచ్చు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, రద్దీ వేళ నాడి, బీపీ చూడకుండానే చీటీ మీద ఇంటివాళ్ల మాట ఎక్కేస్తుంది. 'గ్యాస్' అని ఒకసారి పడితే ఆ మనిషి ఆకుపచ్చ బెంచీకే పోతుంది. అందుకని జబ్బు పేరు చెప్పకండి, కనిపించినవి చెప్పండి: "తొమ్మిదిన్నరకు మొదలైంది, చెమటలు పోస్తున్నాయి, ఒకసారి వాంతైంది, షుగర్ ఉంది. ఈసీజీ ఇప్పుడే తీయండి." ఇంత చాలు. బెంచీ మీద ఉండగా నొప్పి పెరిగినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా లేచి వెళ్లి మళ్లీ చెప్పాలి. ఇందులో మొహమాటం వద్దు.

గుండె కింది గోడకు రక్తం ఆగినప్పుడు నొప్పి ఛాతీలో కాక పొట్టలో రావచ్చు, వాంతులు కావచ్చు. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతిని నొప్పి సరిగా తెలియదు. ఆడవాళ్లలోనూ ఆయాసం, నీరసం, దవడ నొప్పి లాంటివే ముందు కనిపించడం మామూలే.

ఇంకో సంగతి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా నొప్పి మొదలైన తొలి గంటల్లో పెరగకపోవచ్చు, ఆ పరీక్ష మూడు గంటల తర్వాత రెండోసారి చేస్తేనే నమ్మకం. ఒక ఈసీజీ తీసి ఇంటికి పొమ్మంటే, "రెండోది ఎప్పుడు తీస్తారండీ?" అని అడగండి.

రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే రెండు దారులు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ అయితే ఆ ఈసీజీ తేల్చిన అరగంటలో పడాలి. యాంజియోప్లాస్టీ (సన్నని గొట్టం పంపి నాళాన్ని తెరవడం) అయితే ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లో నాళం తెరవాలి. ఇంజెక్షన్ ముందు డాక్టరు అడిగేవాటికి దాపరికం లేకుండా చెప్పండి: గతంలో పక్షవాతం, ఈమధ్య ఆపరేషన్, నల్లటి విరేచనం, రక్తం పల్చబడే మాత్రలు. వీటిలో ఏది దాచినా మెదడులోనో పొట్టలోనో రక్తస్రావం కావచ్చు. ఇంట్లో నాలుక కింద గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్ పెట్టేయడం కూడా మంచిది కాదు. బీపీ అప్పటికే పడిపోయి ఉంటే మనిషి కుప్పకూలిపోతారు.

సత్తెనపల్లి దగ్గర మిరప చేలో మా తమ్ముణ్ని పాము కరిచింది. ఆసుపత్రిలో రక్తం తీసి ఒక గాజు గొట్టంలో పోసి పక్కన పెట్టారు. 20 నిమిషాలు ఎవరూ ఏమీ చేయలేదు. విరుగుడు మందు దగ్గరుండి కూడా ఎందుకివ్వలేదు?

ఆ గాజు గొట్టమే అసలు పరీక్ష. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒక్కసారి వంచుతారు. గడ్డకట్టకుండా జారిపోతే రక్తపింజరి లాంటి పాము విషం రక్తంలో చేరిందని అర్థం. మధ్యలో గొట్టం ఊపి చూసినా, ప్లాస్టిక్ గొట్టంలో పోసినా, సబ్బుపొడితో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. ఆ 20 నిమిషాల్లో సెలైన్ దారి పెట్టడం, వాపు ఎంతవరకు పాకిందో చర్మం మీద పెన్నుతో గీత గీసి టైము వేయడం జరగాలి. అవి కూడా చేయకపోతే అడగాల్సిందే.

అన్ని కాట్లలో విషం ఎక్కదు. విరుగుడు గుర్రం రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి కొందరికి తీవ్రంగా పడదు. అందుకే విషం ఎక్కిన గుర్తు లేకుండా ఇవ్వరు. కనురెప్పలు వాలిపోతున్నా, మింగుడు పడకపోయినా, మాట ముద్దగా వస్తున్నా మాత్రం పరీక్ష కోసం ఆగకూడదు, అది నాగుపాము, కట్లపాము తీరు. కట్లపాము కాటు దాదాపు నొప్పి లేకుండా ఉంటుంది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లు తెల్లవారుజామున కడుపునొప్పితో, రెప్పలు వాలి వస్తే గాటు కనిపించకపోయినా అనుమానించాలి.

మొదటి మోతాదు సాధారణంగా 10 వయల్స్ (చిన్న మందు సీసాలు), సెలైన్‌లో కలిపి గంటసేపు ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము వదిలే విషం పిల్లవాడని తగ్గదు. ఎక్కుతుండగా దురద, దద్దుర్లు, వణుకు, ఊపిరిలో గురగుర శబ్దం వస్తే ఆ క్షణమే నర్సుకు చెప్పండి. మందు ఆపి అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మొదలెడతారు. ఆరు గంటలకు గాజు గొట్టం పరీక్ష మళ్లీ చేస్తారు. గడ్డకట్టే పదార్థాలను కాలేయం తిరిగి తయారుచేయడానికి అంత సమయం పడుతుంది. అంతకుముందే ఇంకో డోసు వేయమని పట్టుబట్టి లాభం లేదు.

గట్టిగా తాడు కట్టి తీసుకొస్తే దాన్ని దారిలో విప్పకండి. ఆగిన విషం ఒక్కసారిగా పాకొచ్చు. డాక్టరు పక్కన ఉండగా విప్పాలి. అసలు కట్టకపోవడమే మంచిది. కాలు కదలకుండా కర్రతో కలిపి వదులుగా చుట్టి, నడిపించకుండా తీసుకురండి. పాము కోసం వెతుకుతూ కూర్చోవద్దు. మన దగ్గర వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే.

మంగళగిరి దగ్గర హైవే మీద ప్రమాదంలో దెబ్బలు తగిలినతన్ని తీసుకెళ్తే పోలీసు కాగితం, అడ్వాన్సు అడిగారు. ఇది న్యాయమేనా?

కాదు. ప్రాణం నిలిపే చికిత్సకు పోలీసు లాంఛనాలు అడ్డు రాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది, ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లిద్దరికీ అది వర్తిస్తుంది. మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలపాల్సిన కేసుగా) రాసి పోలీసులకు కబురు చేయడం ఆసుపత్రి పని. తెచ్చినవాళ్లు ఎఫ్ఐఆర్ తేనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షను ప్రకారం సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజుల పాటు నగదు లేని చికిత్సకు కేంద్రం 2025 మేలో పథకం తెచ్చింది. పథకంలో ఉన్న ఆసుపత్రేనా అని కౌంటర్లోనే అడగండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే మిత్ర డెస్కుకు కూడా వెంటనే చెప్పాలి, బిల్లు పెరిగాక కాదు.

మా నాన్నగారికి మూతి వంకరపోతే తెనాలిలో చూసి గుంటూరు పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ మళ్లీ అన్నీ మొదటినుంచి అడిగారు. దీన్ని తప్పించలేమా?

కొంత తప్పించవచ్చు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. ఆ లెక్క మీరు చూసినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్నప్పటి నుంచి. నిద్రలేచేసరికే మూతి వంకరగా ఉంటే పడుకున్న టైమే లెక్క. ఆ టైము ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టుకోండి. రెఫరల్ చీటీలో ఏ మందు ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో ఉందో లేదో అక్కడే చూసుకోవాలి. సీటీ తీసి ఉంటే ఫిల్ము, రిపోర్టు రెండూ అడిగి తీసుకోండి, కేవలం ఫోన్లో ఫొటో సరిపోదు. బయల్దేరే ముందు అవతలి క్యాజువాలిటీకి ఫోను చేసి చెప్పమని డాక్టరుగారిని కోరండి. 108లో వెళ్తే దారిలో చూసిన బీపీ, షుగర్ వివరాలు కూడా అడిగి తీసుకోండి.

అయినా కొన్ని ప్రశ్నలు మళ్లీ అడుగుతారు, అడగాలి కూడా. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది కాబట్టి వేలి చివర రక్తం తీసి చూడటం రెండుచోట్లా జరుగుతుంది. సీటీ తీసేదాకా అది గడ్డో, రక్తస్రావమో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇంట్లో రక్తం పల్చబడే మాత్ర ఎకోస్ప్రిన్ మింగించవద్దు, బీపీ మాత్ర అదనంగా వేయవద్దు, మింగగలరో లేదో నర్సు చూసేదాకా చెంచాడు మంచినీళ్లు కూడా పట్టవద్దు.