హీటింగ్ లెక్క ఆలస్యమైతే నష్టం ఎవరిది?

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఫ్లాటు అద్దెకిచ్చాం. భవనమంతటికీ ఒకటే బాయిలర్. 2025 హీటింగ్ లెక్క హౌస్‌ఫెర్వాల్టుంగ్ (భవనాన్ని చూసుకునే మేనేజర్) వాళ్లు ఇంకా ఇవ్వలేదు. ఓనర్ల మీటింగ్‌లో ఆమోదం పొందాకే పంపుతామంటున్నారు. అద్దెకున్నవాళ్లు నెలనెలా ముందుగా కట్టినదానికంటే ఖర్చు ఎక్కువైతే, ఆ తేడా అప్పుడు వసూలు చేసుకోవచ్చా?

జవాబు: మీటింగ్ కోసం ఆగకండి. జర్మనీ సివిల్ కోడ్ 556వ సెక్షన్ ప్రకారం 2025 లెక్క 2026 డిసెంబర్ 31లోగా అద్దెదారు చేతికి అందాలి. ఆ రోజు పోస్టు చేస్తే చాలదు. గడువు దాటితే అదనపు సొమ్ము అడిగే హక్కు పోతుంది. అద్దెదారే ఎక్కువ కట్టి ఉంటే మాత్రం గడువు దాటినా తిరిగి ఇవ్వాల్సిందే. ఓనర్ల ఆమోదం రాలేదన్న కారణం చెల్లదని అక్కడి ఫెడరల్ కోర్టు 2017 జనవరి 25న తేల్చింది. మేనేజర్ చేసిన జాప్యాన్ని నేరుగా మీ తప్పుగా లెక్కగట్టరని కూడా ఆ తీర్పులోనే ఉంది. కానీ లెక్క రావడం లేదని తెలిశాక మీరేం ప్రయత్నం చేశారో చూపించాలి. అందుకే ఫోన్లు కాదు, కాగితాలు కావాలి.

ముందు పని ఎక్కడ ఆగిందో కనుక్కోండి. మేనేజర్ ఇంధనం బిల్లులు, మొత్తం ఖర్చు మీటర్ రీడింగ్ కంపెనీకి పంపాలి. ఆ కంపెనీ ఫ్లాటువారీ షీటు తయారుచేస్తుంది. ఖర్చుల పత్రం ఏ తేదీన పంపారో, షీటు వచ్చిందో లేదో రాతపూర్వకంగా అడగండి. జవాబుకి రెండు వారాల గడువు పెట్టండి. షీటు వచ్చి ఉంటే ఆమోదంతో పనిలేకుండా నకలు తీసుకోండి. అయినా కదలకపోతే, జర్మనీ ఫ్లాటు ఓనర్ల చట్టం (WEG) 18వ సెక్షన్ కింద రికార్డులు చూసే హక్కు మీకుంది. వెళ్లి బిల్లులు ఫోటో తీసుకుని లెక్క మీరే కట్టొచ్చు.

హీటింగ్ ఖర్చులో 50 నుంచి 70 శాతం వాడకాన్ని బట్టి, మిగతాది వైశాల్యాన్ని బట్టి పంచాలి. మీ భవనంలో ఏ నిష్పత్తో పాత లెక్కలో ఉంటుంది. తొందరలో అంతా వైశాల్యం మీదే పంచేస్తే అద్దెదారు తన వాటాలో 15 శాతం కోసేసుకోవచ్చు. 2023 నుంచి కార్బన్ పన్నులో మీ వాటా కూడా చూపాలి. భవనం చదరపు మీటరుకు ఎంత కార్బన్ వదులుతుందో దాన్నిబట్టి అది 0 నుంచి 95 శాతం దాకా ఉంటుంది. చూపకపోతే 3 శాతం కోత. మేనేజర్ పంపే మొత్తం లెక్కను ఉన్నదున్నట్టు అద్దెదారుకి పంపడం అన్నిటికంటే పెద్ద పొరపాటు: మేనేజర్ ఫీజు, రిపేర్లు, రిజర్వు నిధి అద్దెదారు మీద వేయకూడదు.

ప్రశ్న: గడువు దాటాక మార్చిలో లెక్క చేతికొస్తే?

జవాబు: మీ ప్రయత్నాలకు పై కాగితాలు సాక్ష్యంగా ఉంటే, అది అందిన మూడు నెలల్లోపు అద్దెదారుకి పంపి తేడా అడగొచ్చు.