షిట్జు పిల్లను తెచ్చుకునే ముందు

చిరంజీవి చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

షిట్జు జాతి కుక్కపిల్లను చూసి వచ్చామని, ఆదివారం ఇంటికి తెచ్చుకుంటున్నామని నువ్వు ఫోనులో చెబుతుంటే ఆ సంతోషంలో ఒక మాట అడగలేకపోయాను. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లాక పగలంతా ఇంట్లో ఎవరుంటారు? మీ అత్తగారు ఉంటారంటే సరే. పది గంటలు తాళం వేసి ఉండే ఇల్లయితే మాత్రం ఇప్పుడు తేవద్దు తల్లీ. ఈ జాతిని కాపలాకో, వేటకో పెంచలేదు. టిబెట్ నుంచి చైనా రాజభవనాలకు చేరి, అక్కడ మనుషుల ఒడిలో కూర్చోవడానికే పెరిగిన జాతి ఇది. తిండి ఎంత అవసరమో మనిషి తోడూ దానికి అంతే అవసరం.

మా చేమంతి మా దగ్గర 13 ఏళ్లు బతికింది. ముక్కు మీది వెంట్రుకలు పైకి విచ్చుకుని పువ్వులా ఉండేవని ఆ పేరు పెట్టాం. ఈ జాతికి చేమంతి ముఖపు కుక్క అన్న పేరు ముందే ఉందని తర్వాత తెలిసింది. ఇంటికి ఎవరొచ్చినా తోక ఊపుతూ ఎదురెళ్లేది. నేను వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, దేవుడి గదిలోకి వెళితే ఆ గడప దాకా వచ్చేది. మొండితనమూ ఉండేది. ఇష్టం లేకపోతే ఎంత పిలిచినా వినపడనట్టే కూర్చునేది. అలాంటప్పుడు కసిరితే ముడుచుకుపోతుంది తప్ప నేర్చుకోదు. మూత్రానికి బయటికి వెళ్లడం ఈ పిల్లలకు ఆలస్యంగా అలవాటవుతుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక ఒకే చోటికి తీసుకెళ్లు. పని కానివ్వగానే మెచ్చుకో. నెలలు పట్టినా విసుక్కోకు.

ఇక దువ్వెన సంగతి. దీని జుట్టు మన జుట్టులాగే పెరుగుతూనే ఉంటుంది. రెండు రోజులు వదిలేస్తే చెవుల వెనుక, చంకల్లో ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. రెండు నెలలకోసారి పొట్టిగా కత్తిరించినా రోజూ దువ్వడం తప్పదు. ఆ పది నిమిషాలు అందం కోసమే అనుకోకు. చెవి వాసన వేస్తోందా, పాదాల సందుల్లో పిడుదులు ఉన్నాయా, కొత్తగా గడ్డ ఏదైనా తగులుతోందా, అన్నీ ఆ దువ్వెన కిందే తెలుస్తాయి. పిడుదులతో వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే ఆ రోజే డాక్టరుకు చూపించు.

కళ్ల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు. ఒక ఉదయం చేమంతి ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది. దుమ్ము పడిందిలే అనుకుని సాయంత్రం దాకా ఆగాను. అప్పటికి నల్లగుడ్డు మీద నీలం కలిసిన తెల్లని పొర కమ్మింది. పుండు పడిందని డాక్టరు చెప్పారు. వారాల తరబడి మందు వేస్తే చూపు నిలిచింది కానీ మచ్చ చివరిదాకా ఉండిపోయింది. వీటి కళ్లు పెద్దవి, గుంటలు లోతు లేనివి. వెంట్రుక గుచ్చుకున్నా చాలు. కన్ను చికిలించినా, పాదంతో రుద్దుకున్నా ఒక్క పూట కూడా ఆగవద్దు. ఇంట్లో ఉన్న మన చుక్కల మందు అసలే వేయవద్దు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలైతే పుండు ఇంకా ముదురుతుంది.

హైదరాబాద్ ఎండలంటే నాకు మరీ భయం. కుక్కలు రొప్పుతూనే ఒంటి వేడి దించుకుంటాయి. ముక్కు పొట్టిగా ఉన్న దీనికి ఆ రొప్పడమే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున, చీకటి పడ్డాక మాత్రమే తిప్పు. రోడ్డు మీద నీ అరచేయి ఆనించి చూడు. నువ్వు ఓర్చుకోలేని వేడి దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఆగిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలవద్దు. మెడ పట్టీకి బదులు ఛాతీకి కట్టేది కొను, గొంతు మీద ఒత్తిడి పడదు. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలితే పొట్ట మీద, పాదాల మీద కుళాయి నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

మీ అత్తగారికి ఒక మాట గట్టిగా చెప్పు. ప్రేమతో పాయసం పెడతారు. అందులో కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కలిపిన అన్నం, చాక్లెట్ కూడా వద్దు. మామిడి టెంక పేగులకు అడ్డం పడుతుంది.

పిల్లకు ఎనిమిది వారాలు నిండాయో లేదో అడుగు. నిండకపోతే తల్లి దగ్గరే ఉండనివ్వు. టీకాల వరుస పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీదికి దించకు. మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా.

ఆదివారం వెళ్లేటప్పుడు ఒక పాత తువ్వాలు పట్టుకెళ్లి తల్లికి రుద్ది తెచ్చుకో. ఆ రాత్రి పిల్ల తప్పకుండా ఏడుస్తుంది. ఆ తువ్వాలు పరచి, దాని పడకను నీ మంచం పక్కనే వేసి, చేయి కిందికి వేలాడేసి పడుకో. సోమవారం సెలవు పెట్టు.

మీ పెద్దమ్మ