టెక్ సందేహాలు: జపాన్ బడికి వెళ్తున్న టీచర్ల ఫోన్లూ, మిక్సీలూ

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జపాన్ గురించే. ఇంగ్లీష్ పాఠాలు చెప్పడానికి అక్కడికి వెళ్తున్నవాళ్లు, ఇప్పటికే వెళ్లి స్థిరపడుతున్నవాళ్లు, ఇక్కడ వాళ్ల అమ్మానాన్నలు రాశారు. నేనూ కొన్నేళ్లు అక్కడ ఉండి వచ్చినవాణ్ణి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అండీ, మాది కాకినాడ. జపాన్ ప్రభుత్వం విదేశీయులను బడులకు పిలిపించే జెట్ ప్రోగ్రామ్‌లో అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్‌గా ఎంపికయ్యాను. ఓకయామా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఒక పల్లెటూరి బడి ఇచ్చారు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ ఇక్కడే కొనుక్కెళ్లమని అన్నయ్య అంటున్నాడు. కొనమంటారా? అక్కడికి వెళ్లాక సిమ్, బ్యాంకు అకౌంట్ సంగతి ఏమిటి?

జవాబు: ముందుగా అభినందనలు అమ్మా. ఫోన్ మాత్రం ఇప్పుడు కొనకండి. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది సిగ్నల్. ఊళ్లకు, కొండల మధ్యకు సిగ్నల్ చేర్చేది తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లే. అక్కడి ఫోన్ కంపెనీల్లో డోకోమోకు అది బ్యాండ్ 19, ఏయూకు 18, 26, సాఫ్ట్‌బ్యాంక్‌కు 8. మన దగ్గర అమ్మే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 8 ఉంటుంది కానీ 19 ఉండదు. టోక్యోలో ఆ తేడా పెద్దగా తెలియదు. మీరు వెళ్లేది పల్లెకు కాబట్టి మీకు తెలుస్తుంది. రెండోది కాల్స్. ఏయూ 2022లో, సాఫ్ట్‌బ్యాంక్ 2024లో 3జీని మూసేశాయి. ఇప్పుడు మాట్లాడాలంటే ఆ కంపెనీ వోల్టీ, అంటే 4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి, మీ ఫోన్‌లో పనిచేయాలి. డేటా వస్తుంది కదా అని ఊరుకుంటే, అవసరం పడి అంబులెన్స్ నంబరు 119కి ఫోన్ చేసిన రోజున కాల్ కలవకపోవచ్చు. మూడోది చెల్లింపులు. అక్కడ రైలు గేటు దగ్గర ఫోన్ తాకించి వెళ్లిపోవడానికి ఫెలికా అనే చిప్ సదుపాయం కావాలి. మన ఆండ్రాయిడ్లలో అది దాదాపు ఉండదు. పిక్సెల్‌లో కూడా జపాన్‌లో అమ్మిన మోడల్‌లోనే పనిచేస్తుంది. ఐఫోన్ అయితే 8వ మోడల్ నుంచి ఎక్కడ కొన్నా సుయికా అనే రైలు ప్రయాణ కార్డు వేసుకోవచ్చు. మీ దగ్గర ఇప్పటికే ఐఫోన్ ఉంటే అదే తీసుకెళ్లండి. లేకపోతే ఉన్న పాత ఫోన్‌తో వెళ్లి, మొదటి జీతం అందాక అక్కడే సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కోండి. షాపులో ఫోన్ పక్కన చిన్న గుండ్రం, త్రికోణం లేదా ఇంటూ గుర్తు ఉంటుంది. పాత యజమాని వాయిదాలన్నీ కట్టేశాడా లేదా అన్నది ఆ గుర్తు చెబుతుంది. గుండ్రం ఉన్నదే తీసుకోండి. ఇంటూ ఉంటే నెట్‌వర్క్ ఆపేసిన ఫోన్ అని అర్థం. ధర చూసి ఆశపడవద్దు.

ఇక సిమ్, బ్యాంకు. కొత్తగా వెళ్లిన ప్రతి ఒక్కరూ ఇక్కడే తికమక పడతారు. ఫోన్ కనెక్షన్ ఇవ్వడానికి బ్యాంకు అకౌంట్ అడుగుతారు. బ్యాంకుకు వెళ్తే ఫోన్ నంబరు ఏదంటారు. రెండింటికీ ముందు కావలసింది చిరునామా. విమానాశ్రయంలో ఇచ్చే రెసిడెన్స్ కార్డు వెనుక మీ చిరునామా రాయించుకోవాలి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా ఊరి ఆఫీసులో ఆ పని పూర్తిచేయాలని చట్టం. అది అయ్యాక విదేశీ క్రెడిట్ కార్డు గానీ, కన్వీనియన్స్ స్టోర్‌లో నగదు గానీ తీసుకునే కంపెనీ దగ్గర సిమ్ తీసుకోండి. వాయిస్ ఉన్న సిమ్మే అడగండి. డేటా సిమ్ చౌకే కానీ దానితో మామూలు ఫోన్ కాల్స్ మాట్లాడలేరు. కాల్ అందే నంబరు లేకపోతే బ్యాంకు దగ్గర మళ్లీ మొదటికొస్తారు. నంబరు చేతికొచ్చాక బ్యాంకుకు వెళ్లండి. బడి తరఫున మిమ్మల్ని చూసుకునే ఉద్యోగి వెంట వస్తే ఆ పూటలోనే పని అయిపోతుంది. మొహమాటపడకుండా అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు అడగలేదు. అది మీ పేరు గురించి. అక్కడ ప్రతి ఫారంలోనూ పేరును కతకానా అనే, విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో రాయమంటారు. మన పేర్లు ఆ లిపిలో ఒక్క రకంగా ఒదగవు. లక్ష్మి చివర దీర్ఘం గీత పెట్టొచ్చు, మానేయొచ్చు. వెంకట అన్న పేరును ‘వె’ గుర్తుతోనూ రాస్తారు, ‘బె’తోనూ రాస్తారు. మనిషికి ఏది చదివినా ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు. బ్యాంకులో ఒక రకంగా, ఫోన్ కంపెనీలో మరో రకంగా రాయించుకున్న పాపానికి నా బిల్లు అకౌంట్ నుంచి కట్ అవడానికి నెలన్నర పట్టింది. మూడుసార్లు ఫారం తిరిగొచ్చింది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. కాబట్టి బయల్దేరే ముందే జపనీస్ తెలిసినవాళ్లతో మీ పేరు రాయించుకోండి. ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఉన్న పేరంతా, ఒక్క అక్షరం వదలకుండా. దాన్ని ఫోన్‌లో నోట్‌గా పెట్టుకుని బ్యాంకు, సిమ్, ఇన్సూరెన్స్, అద్దె ఇల్లు అన్నిచోట్లా అదే కాపీ చేయండి.

ఆన్‌లైన్ ఫారాల్లో ఇంకో చిక్కుంది. ‘జెంకకు’ అంటే వెడల్పు అక్షరాలు, ‘హంకకు’ అంటే సన్నవి. వెడల్పువి అడిగినచోట సన్నవి కొడితే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. మధ్యలో ఇచ్చే ఖాళీ కూడా వెడల్పుదే కావాలంటుంది. విండోస్‌లో జపనీస్ కీబోర్డు పెట్టుకుని పేరును ఇంగ్లీష్ అక్షరాలతో టైప్ చేసి ఎఫ్7 నొక్కితే వెడల్పు కతకానా వస్తుంది, ఎఫ్8 నొక్కితే సన్నది. ఎఫ్10 నొక్కితే మామూలు ఇంగ్లీష్ అక్షరాలు తిరిగొస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయి సైతామాలో ఇంగ్లీష్ కాన్వర్సేషన్ స్కూల్లో టీచరు. ఇడ్లీ, పచ్చడి లేక చిక్కిపోయింది. ఇక్కడి 750 వాట్ల మిక్సీ, చిన్న టేబుల్ టాప్ గ్రైండర్ పంపుదామనుకుంటున్నాం. పనిచేస్తాయా? – నంద్యాల నుంచి ఒక తల్లి

జవాబు: పంపకండి అమ్మా. మన కరెంటు 230 వోల్టులు, జపాన్‌లో 100 వోల్టులే. అక్కడ ఆ మిక్సీ పెడితే నీరసంగా తిరుగుతుంది, మినప్పప్పు పడగానే ఆగిపోతుంది. అలా ఆగి ఆగి తిరిగితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. వోల్టేజ్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. కానీ 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్లది కావాలి. అది కిలోల కొద్దీ బరువు, చిన్న గదిలో ఎక్కడ పెట్టాలో తెలియదు. పైగా చిన్న అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల మెయిన్ 20 లేదా 30 ఆంపియర్లే ఉంటుంది. ఏసీ, మైక్రోవేవ్ నడుస్తుండగా మిక్సీ వేస్తే ఇల్లంతా చీకటే.

దీనికన్నా మంచి దారి ఉంది. అమెరికాలో మనవాళ్ల కోసం మన కంపెనీలే 110 వోల్టుల మిక్సీలు చేస్తాయి. అది 100 వోల్టుల మీద కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది, అంతే. పప్పు బాగా నానబెట్టి, కొంచెం కొంచెంగా వేసుకోమనండి. దాని ప్లగ్గుకు మూడు కాళ్లుంటాయి. అక్కడి గోడల్లో ఎక్కువగా రెండు రంధ్రాలే కాబట్టి చిన్న అడాప్టర్ కొనుక్కోవాలి.

గ్రైండర్ సంగతి వేరు. జపాన్ తూర్పు సగంలో కరెంటు 50 హెర్ట్జ్, పడమటి సగంలో 60. షిజువోకాలోని ఫుజి నది దగ్గర హద్దు. మిక్సీ మోటారుకు ఈ తేడా పట్టదు, గ్రైండర్ మోటారుకు పడుతుంది. సైతామా తూర్పు వైపే కాబట్టి మన లాగే 50. రేపు ఒసాకాకు మారితే 60 అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. అందుకే గ్రైండర్ వద్దంటున్నాను. ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్లకు ఈ భయం లేదు, వాటి మీద 100 నుంచి 240 అని రాసే ఉంటుంది. సెలవులకు వచ్చేటప్పుడు అక్కడి రైస్ కుక్కర్ ముచ్చటపడి తెస్తే మాత్రం మన ప్లగ్‌లో పెట్టనివ్వకండి.

ప్రశ్న: గున్మాలో మిడిల్ స్కూల్ టీచర్ని. తెలుగు అక్షరాలతో పిల్లలకు ఒక వర్క్‌షీట్ చేశాను. ఇంట్లో ఏ4లో బాగుంది. బడిలో బీ5 మీద తీస్తే అంచులు తెగిపోయాయి, అక్షరాలు డబ్బాలయ్యాయి.

జవాబు: మీ వర్క్‌షీట్ ఆలోచన నాకెంతో నచ్చింది. పిల్లలు తమ పేర్లను తెలుగులో రాసుకుని మురిసిపోతారు.

జపాన్ బళ్లలో బీ5, బీ4 కాగితాల వాడకం ఎక్కువ. అయితే బీ5 రెండు రకాలు. జపాన్ కొలత, అంటే జేఐఎస్, 182 × 257 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ కొలత 176 × 250. వర్డ్‌లో పేజీ సైజు దగ్గర ‘బీ5 జేఐఎస్’ ఎంచుకుని, ఆ తర్వాతే పేజీ సర్దుకోండి. ఏ4లో చేసిన పేజీని అలాగే బీ5 మీద తీయడం వల్లే అంచులు పోతున్నాయి. డబ్బాలు పడుతున్నది బడి కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంట్ లేక. ఇంట్లోనే పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఫాంట్ కూడా అందులోనే వెళ్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టే ముందు మాత్రం వైస్ ప్రిన్సిపాల్‌ను అడగండి. చాలా బళ్లలో బయటి పెన్‌డ్రైవ్‌లు నిషేధం.

నాలుగు క్లాసులకు 140 కాపీలు కావాలంటే జెరాక్స్ దగ్గర నిలబడవద్దు. టీచర్ల గదిలో ‘రింతెన్కీ’ అనే డూప్లికేటర్ ఉంటుంది. ఒక్కసారి మాస్టర్ చేసుకుని నిమిషాల్లో వందలు తీస్తుంది, ఖర్చూ తక్కువ. దాని మీద ఫొటోలు మసకబారతాయి, గీతల బొమ్మలు బాగా వస్తాయి.

ఇంకో మాట మీ అందరికీ. పిల్లల పేర్లు, మార్కులు, వాళ్లు రాసిన డైరీలు మీ సొంత ఫోన్‌లోని అనువాద యాప్‌లలో, ఏఐ యాప్‌లలో పెట్టకండి. అర్థం కాకపోతే పక్క టీచర్‌ను అడగండి. ఆ పిల్లల సమాచారం మన చేతిలో పెట్టిన నమ్మకం.

ప్రశ్న: నా ఇండియా బ్యాంకు ఓటీపీలు ఇండియా నంబరుకే వస్తాయి. జపాన్‌లో ఎలా? – వరంగల్

జవాబు: విమానం ఎక్కకముందే ఆ సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. రీచార్జి గడువు దాటనివ్వకండి. వీలైతే ఇండియా సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోండి, జపాన్ సిమ్‌కు చోటుంటుంది. వాట్సాప్ పాత నంబరు మీదే ఉంచుకోవచ్చు. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అనే ప్రవాస భారతీయుల ఖాతాలకు విదేశీ నంబర్లతో యూపీఐ ఇవ్వడానికి 2023 జనవరిలో 10 దేశాలను అనుమతించినప్పుడు ఆ జాబితాలో జపాన్ లేదు. ఉద్యోగానికి వెళ్తున్నారు కాబట్టి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించడం కూడా మరవకండి.

ప్రశ్న: వీసా మరో మూడేళ్లు పొడిగించారు. మై నంబర్ కార్డు దానంతటదే పొడిగిపోతుందా?

జవాబు: పొడిగించరు. మన ఆధార్ లాంటి ఈ కార్డు గడువు పాత వీసాతోనే ముగుస్తుంది. అది తీరకముందే కొత్త రెసిడెన్స్ కార్డుతో ఊరి ఆఫీసుకు వెళ్లి మార్పించుకోవాలి. 2024 డిసెంబరు 2 నుంచి కొత్తగా హెల్త్ ఇన్సూరెన్స్ కార్డులు ఇవ్వడం మానేసి దీనికే కలిపారు కాబట్టి అశ్రద్ధ వద్దు. నాలుగంకెల పిన్ మూడుసార్లు తప్పు కొడితే లాక్ పడుతుంది, జాగ్రత్త.

ప్రశ్న: టీవీలో జపాన్ భూకంపం అని వస్తే చాలు మా ఇంట్లో అన్నం ముట్టం. మా అబ్బాయి సెందాయ్‌లో టీచరు. ఫోన్ కలవదు, టెన్షన్. ఏదైనా యాప్ ఉందా? – నల్గొండ నుంచి ఒక తండ్రి

జవాబు: మీ బెంగ నాకు తెలుసండీ. మా అమ్మ కూడా ఇలాగే ఉండేది.

అబ్బాయి ఫోన్‌లో, మీ ఫోన్‌లో కూడా ‘సేఫ్టీ టిప్స్’ యాప్ వేసుకోండి. జపాన్ పర్యాటక శాఖ పర్యవేక్షణలో నడిచేది, ఇంగ్లీష్‌లో ఉంటుంది. టీవీ చెప్పే మాగ్నిట్యూడ్ భూకంపం మొత్తం శక్తి. మీరు చూడాల్సింది ‘షిందో’, అంటే ఆ ఊళ్లో నేల ఎంత ఊగిందన్నది. 0 నుంచి 7 దాకా ఉంటుంది, 5, 6 మాత్రం రెండేసి మెట్లు. సెందాయ్‌కి 3 అని చూపిస్తే, సామాను కదిలింది, అబ్బాయి క్షేమంగానే ఉన్నాడని అనుకోవచ్చు.

అబ్బాయి ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో ఈ ఆదివారమే చూడమనండి. పెద్ద ఊపు వచ్చే ముందు ఫోన్ మోగి ‘జిషిన్ దెసు’ (భూకంపం) అంటుంది. దొరికేది కొన్ని సెకన్లే, భూకంప కేంద్రం దగ్గరైతే ఆ కాస్తా ఉండదు. అయినా బల్ల కిందికి దూరడానికి ఆ సెకన్లు పనికొస్తాయి.

మీరు మాత్రం ఫోన్ మీద ఫోన్ చేయకండి. అలాంటప్పుడు కాల్ లైన్లు కిక్కిరిసిపోతాయి, చిన్న మెసేజ్ మాత్రం ఎలాగో దారి చేసుకుని వస్తుంది. భూకంపం రాగానే ‘బాగున్నాను’ అని ఒక్క మాట ఇంటి గ్రూపులో పెట్టాలని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. ఆ మెసేజ్ మీరు చూశారని తెలిసేలా ఒక బొమ్మ పెట్టండి చాలు. మీకు రాత్రి 10 అయితే అక్కడ ఒంటిగంటన్నర, తెల్లారి అబ్బాయి బడికి వెళ్లాలి.