ఒక దమ్ము ఆగి కదిలే బండి: యువ రచయితకు లేఖ

నల్లగొండ

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సు సమస్యల మీద నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. అచ్చంపేటలో ట్యాక్సీ నడిపే మీ నాయన చెప్పిన మాట ఒకటి అందులో ఉంది: "డీల ఏసినంక బండి ఒక దమ్ము ఆగి కదుల్తది." ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని కిందనే నువ్వు "అనగా స్వయంచాలక ప్రసరణ వ్యవస్థలో సంయోజన జాప్యం" అని వివరణ రాశావు. ఈ ఉత్తరం రాయించింది ఆ వివరణే. మీ నాయన మాటలో లివర్ ఎక్కడ వేశారో (డీ, అంటే బండి ముందుకు నడిచే స్థానం) ఉంది, బండి ఎంతసేపు ఆగిందో ఉంది, ఆగినా చివరికి కదిలిందనీ ఉంది. నీ వివరణలో ఈ మూడూ మాయమయ్యాయి.

బండి ఏం చేస్తోందో చెప్పే మాట వేరు, దానికి ఏం చెడిందో తేల్చే మాట వేరు. మొదటిది నడిపేవాడి సొత్తు. రెండోది గేర్‌బాక్సు విప్పి చూసినవాడి సొత్తు. "ప్లేట్లు పోయినయ్" (గేర్‌బాక్సు లోపలి క్లచ్ ప్లేట్లు) అనేది తీర్పు. "రేస్ ఎక్కుతుంది గాని బండి గుంజుత లేదు" అనేది సాక్ష్యం. నువ్వు సాక్ష్యం పూర్తిగా రాయకుండానే ప్రతి పేరాలో తీర్పు చెప్పావు. పైగా సాక్ష్యం చెప్పాల్సిన చోటల్లా "జెర్క్" అనే ఒక్క మాటతో సరిపెట్టావు.

ఆ ఒక్క మాట కింద నువ్వు కప్పేసినవాటిని విడదీసి చూడు. గేర్ పడి ఉండగానే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి పోయి, వేగం మాత్రం పెరగకపోతే అది జారుడు. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారే ఆ క్షణంలో మాత్రమే ముల్లు ఎగిరి, వెంటనే దిగి, గేరు పట్టుకుంటే ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్లేర్ అంటారు. నేను ఎగిరిపాటు అని రాస్తాను. ఒక గేరు పట్టు విడవకముందే మరొకటి పట్టుకుంటే, ఎవరో బ్రేకు తొక్కినట్టు బండి ఒక్కసారి బిగుసుకుంటుంది. ఈ మూడింటిలోనూ లోపల కూర్చున్నవాడికి కుదుపు తగలవచ్చు, కానీ మెకానిక్ వెతకవలసిన చోటు ఒక్కటి కాదు.

వణుకు మరొక సంగతి. పెద్ద రోడ్డు మీద ఒకే వేగంతో, కాలు తేలికగా ఆనించి పోతున్నప్పుడు, టోల్‌గేట్ల ముందు వేసే చారల మీద చక్రాలు దొర్లినట్టు కొన్ని క్షణాలు బండి అదిరి మానుకుంటే, టార్క్ కన్వర్టర్‌లోని (ఇంజను తిప్పుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) లాకప్ క్లచ్‌ను, అంటే ఆ రెండింటినీ నేరుగా బిగించే క్లచ్‌ను అనుమానించాలి. యాక్సిలరేటర్ వదలకుండా బ్రేకు పెడల్‌ను కొంచెం తాకితే చాలా బండ్లలో ఆ క్లచ్ విడిపోతుంది. దానితో పాటే అదురు ఆగితే అనుమానం బలపడుతుంది, ఆగకపోతే ఇంజను వైపు చూడాలి. (వెనుక బండ్లు లేనప్పుడే ఈ పరీక్ష చేయాలని పాఠకుడికి తప్పకుండా చెప్పు.) కొన్నిసార్లు సరైన గేర్ ఆయిల్ మార్చితేనే ఈ వణుకు పోతుంది. అటువంటి బండికి "జెర్క్ కొడుతుంది" అని రాస్తే, చదివినవాడు గేర్‌బాక్సు దింపించుకుంటాడు.

నేను దింపించుకున్నాను. శ్రీశైలం ఆనకట్ట దగ్గర నుంచి ఈగలపెంట వైపు ఎక్కుతుంటే నా కారు మూడో గేరుకూ నాలుగో గేరుకూ మధ్య నిలకడ లేకుండా ఊగిసలాడింది. ఏది చాలుతుందో తేల్చుకోలేక పైకీ కిందికీ మారే ఈ వరసను ఇంగ్లీషులో హంటింగ్ అంటారు. ఘాట్ మీద కింది గేరులో కట్టిపెట్టి నడిపితే చాలావరకు తీరిపోతుంది. నాకు అప్పుడు మాట తెలియక, మహబూబ్‌నగర్‌లో ఒక షెడ్డుకు పోయి "గేర్ జారుతోంది" అన్నాను. వాళ్లు నా మాటే నమ్మారు. గేర్‌బాక్సు విప్పితే ప్లేట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మూడు వారాలు బస్సులో తిరిగాను, విప్పినందుకూ బిగించినందుకూ డబ్బు కట్టాను. ఒక్క క్రియాపదం తప్పు పడినందుకు కట్టిన డబ్బది.

ఇంకొక పొరపాటు నీ వ్యాసాన్ని మొత్తంగా దెబ్బతీసింది: ఆటోమేటిక్ అంటే ఒకే యంత్రమన్నట్టు రాశావు. 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర వ్యాపించిన ఏఎంటీలో (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) ఉన్నది మామూలు గేర్‌బాక్సూ మామూలు క్లచ్చే. కాలూ చెయ్యీ చేసే పని మోటార్లు చేస్తాయి. గేరు మారేటప్పుడు లాగుడు తెగి తల ముందుకు వంగడం దాని స్వభావం, రోగం కాదు. సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్) అనే మరో రకంలో మెట్లు మెట్లుగా గేర్లే ఉండవు, రెండు కప్పీల మధ్య బెల్టు తిరుగుతుంది. అందులో ఇంజను మోత ముందు పెరిగి వేగం వెనుక నుంచి అందుకోవడం కూడా చాలావరకు సహజమే. ఏ రకం బండో చెప్పకుండా "జారుతోంది" అని రాయడం, మనిషో పశువో చెప్పకుండా జ్వరమని రాయడం.

వ్యాసం ఎవరికి పంపాలని అడిగావు. ఆ సంగతి తలచుకుంటే నాకు కోపం వస్తుంది. ఒక సంపాదకుడు నా వ్యాసంలో "గుంజుడు" అన్న చోటల్లా "ఆకర్షణ శక్తి" అని దిద్ది అచ్చువేశాడు. ట్రాన్స్‌మిషన్‌ను "ప్రసారం" చేసి, రేడియో గురించి రాశానేమో అనిపించాడు. మాండలికం పత్రికకు పనికిరాదని నాకు ఉత్తరం కూడా రాశాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోట విన్న మాటలను జిల్లా జిల్లా నుంచి పోగుచేయించి వ్యవసాయ వృత్తిపదకోశాన్ని 1962లోనే అచ్చులోకి తెచ్చారు. నాగలికి దక్కిన ఆ గౌరవం గేర్‌బాక్సుకు ఎందుకు దక్కకూడదో ఆ సంపాదకుడు ఇప్పటికీ నాకు చెప్పలేదు. జడ్చర్లలోనో సూర్యాపేటలోనో ఒక షెడ్డు ముందు రెండు రోజులు కూర్చుని, బండి తెచ్చినవాళ్లు మొదట అనే వాక్యాన్ని అన్నట్టే రాసుకో. ఇంగ్లీషు మాట జనం నోట్లో ఉంటే అదే ఉంచు. క్లచ్‌ను క్లచ్చే అను.

మీ నాయన బండి సంగతి మాత్రం ఆలస్యం చేయకు. ఆ దమ్ము ఆగడం పొద్దున మొదటిసారి తీసినప్పుడేనా, ఇంజను వేడెక్కాక కూడానా? డీలో వేసినప్పుడేనా, రివర్స్‌లోనూ ఉందా? గేర్ ఆయిల్ తక్కువైనా, లోపలి సీళ్లు గట్టిపడి ఒత్తిడి నిలవకపోయినా అలా ఆగుతుంది, కాబట్టి ముందు ఆయిల్ మట్టం చూపించండి. ఎర్రగా ఉండవలసిన ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే ఆ బండితో శ్రీశైలం కిరాయి ఒప్పుకోవద్దని చెప్పు. ఆయన చెప్పే జవాబును ఆయన మాటల్లోనే రాసి పంపు, వివరణ చేర్చకుండా.

ఇట్లు
మీ అన్న